సడన్ బ్రేకు కొడితే కారు వెనక భాగం పక్కకి పోతోందా? ఏ వరుసలో చెక్ చేయాలి, ఎలా సరిచేయాలి

"హనుమంతవాక వైపు దిగుతున్నాను, ముందు ఆటో టక్కున ఆగింది, బ్రేకు కొట్టాను, బండి ఆగింది గానీ వెనక భాగం పక్కకి తిరిగింది. ఏం చేయించాలి?" ఇదే ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. విశాఖలో యెండాడ దగ్గర, సింహాచలం కొండ దిగేటప్పుడు, భీమిలి రోడ్డు మలుపుల్లో, ఊరు పేరు మారుతుంది కానీ సమస్య అదే.

గ్యారేజీకి వెళ్తే ఎక్కువసార్లు వినపడే మాట ఒకటుంది: "వెనక బ్రేకులు కొంచెం టైట్ చేసేస్తాను సార్, సెట్ అయిపోతుంది." కారణం వెతక్కుండా ఇది చేయించుకోవద్దు. వెనక జారే బండికి వెనక బ్రేకు పెంచితే ఇంకా ముందే జారుతుంది. చాలా బళ్లలో అసలు తప్పు వెనక టైర్లలోనో, ముందు బ్రేకుల్లోనో ఉంటుంది. అందుకే కింద చెప్పిన వరుస మార్చకండి.

1. పని మొదలుపెట్టే ముందు ఈ లెక్క ఒకటి తెలియాలి

బ్రేకు వేయగానే బరువు ముందు చక్రాల మీదకి వెళ్తుంది. ఎంత వెళ్తుందో ఒక మామూలు హ్యాచ్‌బ్యాక్ లెక్కలో చూద్దాం. బండి బరువు 1000 కిలోలు, నిలబడి ఉన్నప్పుడు ముందు 600, వెనక 400. బరువు కేంద్రం నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తులో, ముందు వెనక చక్రాల మధ్య దూరం 245 సెంటీమీటర్లు అనుకోండి.

పొడి రోడ్డు మీద గట్టిగా, అంటే 0.8 జీ (జీ అంటే భూమి ఆకర్షణ వల్ల వచ్చే త్వరణం) దగ్గర బ్రేకు కొడితే సుమారు 180 కిలోలు ముందుకి మారిపోతుంది. ముందు 780, వెనక 220. వెనక టైర్లు రోడ్డుని పట్టుకునే శక్తి దాదాపు సగానికి పడిపోయిందన్నమాట.

తడి రోడ్డు మీద అంత గట్టిగా ఆపలేం. 0.4 జీ అనుకుంటే 90 కిలోలే మారుతుంది, వెనక 310 మిగులుతుంది. కాబట్టి బ్రేకు బ్యాలెన్స్ అనేది ఎప్పటికీ ఒకే అంకె కాదు, రోడ్డుని బట్టి, లోడుని బట్టి, టైరు పట్టుని బట్టి మారుతూ ఉంటుంది. ఎక్కువ గ్రిప్ ఉన్న టైర్లు వేస్తే బరువు ఇంకా ఎక్కువ ముందుకి పోతుంది, వెనక ఇంకా తేలికవుతుంది. పైన క్యారియర్ మీద సామాను కట్టినా బరువు కేంద్రం పైకి జరిగి అదే జరుగుతుంది.

తిరగడం ఆగిపోయి జారుతున్న చక్రం పక్కకి నిలదొక్కుకోలేదు. ముందు చక్రాలు ముందుగా లాక్ అయితే స్టీరింగ్ పనిచేయదు, బండి తిన్నగా జారుతుంది. భయం వేస్తుంది కానీ ముఖం ముందుకే ఉంటుంది. వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే రోడ్డు వాలు కొంచెం ఉన్నా చాలు, బండి గిరుక్కున తిరుగుతుంది. అందుకే కంపెనీలు ఎప్పుడూ ముందు చక్రాలే ముందుగా పట్టేలా డిజైన్ చేస్తాయి. మనం చేయాల్సింది ఆ వరుసని కాపాడటం, అంతే.

2. మీ బండిలో ఏబీఎస్ ఉందా? ఉంటే పనిచేస్తోందా?

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు లాక్ అవ్వకుండా చూసే వ్యవస్థ) తప్పనిసరి అయింది. దాంతోపాటు ఈబీడీ ఉంటుంది. వెనక చక్రాలకి వెళ్లే ప్రెషర్‌ని తగ్గించి, అవి ముందుగా లాక్ అవ్వకుండా చూసేది ఈ ఈబీడీయే. పాత బళ్లలో ఈ పనిని వెనక లైన్‌లో ఉండే ప్రపోర్షనింగ్ వాల్వ్ చేస్తుంది. కొన్ని వ్యాన్లలో, జీపుల్లో ఈ వాల్వ్‌కి వెనక యాక్సిల్ దాకా ఒక రాడ్డో స్ప్రింగో ఉంటుంది, లోడు పెరిగి వెనక కిందికి దిగితే వెనక బ్రేకుకి ప్రెషర్ పెంచుతుంది.

ఆ రాడ్డు వంగినా, తుప్పుతో పట్టేసినా, లేదా వెనక కట్టలు (స్ప్రింగు పట్టీలు) మార్చి బండి ఎత్తు పెంచినా వాల్వ్ లెక్క తప్పుతుంది. ఎత్తు మార్పించిన బళ్లలో దీన్ని పట్టించుకునేవాళ్లు చాలా తక్కువ.

ఏబీఎస్ ఉన్న బండిలో తాళం ఆన్ చేయగానే ఏబీఎస్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి.

- అసలు వెలగకపోతే: బల్బు పోయుండొచ్చు, లేదా ఎవరో లైటు కనపడకుండా చేసుండొచ్చు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఇది తప్పకుండా చూడండి.
- పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే ఆరకుండా ఉంటే: మామూలు బ్రేకు ఉంటుంది, ఏబీఎస్ ఉండదు. త్వరగా చూపించండి.
- పసుపు లైటుతో పాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలుగుతూ ఉంటే: చాలా బళ్లలో ఈబీడీ కూడా పోయిందని అర్థం. గట్టిగా బ్రేకు కొడితే వెనక లాక్ అవ్వొచ్చు. మొదట హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించారా, బ్రేక్ ఆయిల్ తగ్గిందా చూడండి. రెండూ సరిగ్గానే ఉంటే, పెడల్ మామూలుగా ఉంటేనే నెమ్మదిగా గ్యారేజీకి తీసుకెళ్లండి. పెడల్ మెత్తగా కిందికి పోతుంటే బండి కదపొద్దు.

3. దగ్గర పెట్టుకోవాల్సినవి

- జాకీ, రెండు జాకీ స్టాండ్లు. జాకీ ఒక్కదాని మీద బండి ఎత్తి చేతులు పెట్టొద్దు
- చక్రాలకి అడ్డం పెట్టడానికి చెక్క దుంగలు
- టైరు గాలి గేజి, ట్రెడ్ లోతు కొలిచేది
- వెర్నియర్ కాలిపర్
- బ్రేక్ క్లీనర్, బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు
- ఉంటే, వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్
- ఫోన్ కెమెరా

వెనక చక్రాలు ఎత్తినప్పుడు హ్యాండ్ బ్రేకు దించాలి, లేకపోతే డ్రమ్ము ఊడదు. కాబట్టి ముందు చక్రాలకి రెండు వైపులా దుంగలు పెట్టి, బండిని గేర్లో వేయండి.

4. మొదట టైర్లు చూడండి, బ్రేకులు తర్వాత

డోర్ పిల్లర్ మీద స్టిక్కర్‌లో గాలి ఎంతుండాలో ఉంటుంది, ముందుకీ వెనక్కీ వేరువేరుగా. బండి నడపక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు అంతే కొట్టించండి. "అన్నిటికీ 35 కొట్టేయ్" అనే అలవాటు మానండి.

ట్రెడ్ 1.6 మిల్లీమీటర్లు చట్టం చెప్పే కనీస హద్దు. వానల్లో అది సరిపోదు, 3 దగ్గరికి రాగానే మార్చడం మంచిది. టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూడండి: 2321 అంటే 2021లో 23వ వారం తయారైంది. ట్రెడ్ ఉన్నా రబ్బరు గట్టిపడిపోయిన టైరు తడిలో పట్టదు. తక్కువ తిరిగి, ఏళ్ల తరబడి ఎండలో నిలబడే కార్లలో ఇది మామూలే.

ఇక చాలామంది ఒప్పుకోని విషయం. రెండే కొత్త టైర్లు కొంటే అవి వెనకకే వేయించండి. "ముందు చక్రాలే కదా లాగేవి, ముందే అరుగుతాయి కదా" అంటారు షాపులో. అరుగుదల సంగతి నిజమే. కానీ ముందు టైరు జారితే కాలు తీయగానే దారికొస్తుంది, వెనక టైరు జారితే మామూలు డ్రైవర్‌కి సరిదిద్దుకునే టైమే దొరకదు.

5. ముందు బ్రేకులు: వెనక సమస్యకి అసలు కారణం ఇక్కడే దొరకొచ్చు

ముందు ప్యాడ్లు మెరుగెక్కి గాజులా అయిపోయినా, ఒక బ్రేకు కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) పట్టేసినా బండి సరిగ్గా ఆగదు. మనం పెడల్ ఇంకా గట్టిగా తొక్కుతాం. ఆ అదనపు ప్రెషర్ వెనక్కి కూడా వెళ్తుంది. వెనక బ్రేకులు బాగానే ఉన్నాయి కాబట్టి అవి ముందుగా హద్దు దాటతాయి. ఏబీఎస్ లేని బండిలో వెనక తిరగడానికి ఇంతకంటే ఇంకేం అక్కర్లేదు.

విశాఖలో దీనికి గాలి కూడా తోడవుతుంది. బీచ్ రోడ్డు, రుషికొండ, లాసన్స్ బే కాలనీ వైపు ఆరుబయట పెట్టే కార్లకి ఉప్పుగాలి, పోర్టు వైపు, మల్కాపురం, గాజువాక వైపు దుమ్ము. కాలిపర్ జారే పిన్నులు ఇక్కడ త్వరగా పట్టేస్తాయి. ప్యాడ్లు ఎంత ఉన్నా సరే, ఏడాదికోసారి పిన్నులు ఊడదీసి శుభ్రం చేయించాలనేది నా మాట.

చక్రం ఊడదీశాక ఈ వరుసలో:

- లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ రెండూ కొలవండి. ఒకటి బాగా అరిగి రెండోది అలాగే ఉంటే పిన్నో పిస్టనో పట్టేసింది.
- ఎడమ, కుడి పోల్చండి. రెండు వైపులా తేడా ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది.
- ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకి వస్తే రెండు వైపులా కలిపే మార్చండి, ఒక వైపు మాత్రమే ఎప్పుడూ వద్దు.
- డిస్క్ మీదే కనీస మందం చెక్కి ఉంటుంది. వెర్నియర్‌తో కొలిచి పోల్చండి. అంతకంటే పలచబడితే లేత్‌కి పంపడం అనవసరం, కొత్తదే.
- పిన్ను చేత్తో నెడితే సాఫీగా జారాలి. పాత గ్రీజు మొత్తం తుడిచి సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. మామూలు చాసిస్ గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి, కొన్నాళ్లకి పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది.
- బ్రేకు హోసులు వంచి చూడండి, పగుళ్లుంటే మార్చండి. పెడల్ వదిలాక కూడా చక్రం పట్టుకునే ఉంటే హోసు లోపల మూసుకుపోయి ఉండొచ్చు.

కొత్త ప్యాడ్లు వేశాక నేరుగా ట్రాఫిక్‌లోకి వెళ్లకండి. ఖాళీ రోడ్డులో గంటకి 50 కిలోమీటర్ల నుంచి 15 దాకా మధ్యస్థంగా పది సార్లు తగ్గించండి, మధ్యలో చల్లారడానికి కాస్త దూరం నడపండి, పూర్తిగా ఆపి పెడల్ తొక్కి పట్టుకోకండి. ప్యాడ్ డిస్క్‌కి అలవాటు పడేది అప్పుడే.

6. వెనక డ్రమ్ములు

ఊడదీసే ముందు ఫోటో తీయండి. ఒకేసారి రెండు వైపులా విప్పకండి, ఒక వైపు పూర్తయ్యాక రెండోది, స్ప్రింగు ఎక్కడిదో మర్చిపోతే చూసుకోవడానికి రెండో వైపు ఉంటుంది. లోపలి దుమ్ము నోటితో ఊదొద్దు, గాలి కొట్టొద్దు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

వీల్ సిలిండర్ రబ్బరు అంచు కాస్త లేపి చూడండి. లోపల తడిగా ఉంటే లీకు మొదలైనట్టే. ఆయిల్ తగిలిన లైనింగ్ ఒక్కోసారి జారుతుంది, ఒక్కోసారి అకస్మాత్తుగా పట్టేస్తుంది, దాన్ని కడిగి వాడదామనుకోకండి. సిలిండర్ మార్చి, షూలు (లైనింగ్ అతికించి ఉండే వంపు ముక్కలు) రెండు వైపులా కొత్తవి వేయాలి. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం చెక్కి ఉంటుంది, అది దాటితే డ్రమ్ము కూడా.

ఇక అడ్జస్ట్‌మెంట్. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. హ్యాండ్ బ్రేకు లివర్ పైదాకా వస్తోందని కేబుల్ బిగించేస్తారు. లివర్ బాగుంటుంది, కానీ లోపల షూ కాస్త ఎత్తుకునే ఉంటుంది, ఆటో అడ్జస్టర్ పనిచేయదు, వెనక రాసుకుంటూ వేడెక్కుతుంది. సరైన వరుస ఇది:

1. హ్యాండ్ బ్రేకు కేబుల్ పూర్తిగా వదులు చేయండి.
2. షూ అడ్జస్టర్ తిప్పుతూ డ్రమ్ము చేత్తో తిప్పితే సన్నగా గీసుకునే దాకా తీసుకురండి.
3. పెడల్ మూడు నాలుగు సార్లు తొక్కండి, షూలు మధ్యకి సర్దుకుంటాయి. మళ్లీ తిప్పి చూడండి.
4. రెండో వైపు కూడా అంతే గీసుకోవాలి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు.
5. ఇప్పుడు కేబుల్ బిగించండి. లివర్ ఎన్ని క్లిక్కులకి పట్టాలో మాన్యువల్లో ఉంటుంది.

ఉప్పుగాలి ఊరు కాబట్టి ఇంకో సంగతి. వానలో తడిసిన బండిని హ్యాండ్ బ్రేకు వేసి రెండు మూడు రోజులు వదిలేస్తే షూ డ్రమ్ముకి తుప్పుతో అతుక్కుంటుంది. కదిలేటప్పుడు టప్ మని శబ్దం వస్తుంది, మొదటి బ్రేకుకే వెనక ఒక చక్రం గట్టిగా పట్టేస్తుంది. చదునైన చోట గేర్లో వేసి చక్రానికి దుంగ పెట్టి వదిలేయండి. పొద్దున్న వీధిలోంచి బయటికి రాకముందే నెమ్మదిగా రెండు మూడు సార్లు బ్రేకు వేయండి.

7. బ్రేక్ ఆయిల్

చిన్న సెక్షన్ ఇది. ఆయిల్ గాలిలోంచి తేమ పీలుస్తుంది, ఇక్కడి గాలిలో తేమకి కొదవ లేదు. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. రెండేళ్లకోసారి మార్చండి. ఏ డాట్ వాడాలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది.

బ్రేకు లైన్లలోంచి గాలి తీసేటప్పుడు ఏ చక్రం ముందు అనేది మాన్యువల్ ప్రకారమే. "దూరంగా ఉన్న చక్రం ముందు" అనే పాత సూత్రం అన్ని బళ్లకీ కుదరదు, చిన్న కార్లలో చాలావాటికి బ్రేకు లైన్లు మూలమూలకి (ఒక ముందు చక్రానికి, ఎదురు మూలలోని వెనక చక్రానికి కలిపి) ఉంటాయి. ఏబీఎస్ బ్లాకులో గాలి దూరితే స్కానర్ ఉన్న గ్యారేజీకే వెళ్లాలి.

8. సస్పెన్షన్, అలైన్‌మెంట్

ఏబీఎస్ ఉండి, లైటు లేకుండా, టైర్లు బాగుండి కూడా వెనక ఊగుతోందంటే అనుమానం ఇక్కడే.

- వెనక షాక్ అబ్జార్బర్లు ఆయిల్ కారుతున్నాయా? అవి పోతే గతుకుల మీద బ్రేకు కొట్టినప్పుడు చక్రం ఎగురుతుంది, గాల్లో ఉన్న చక్రం ఏం పట్టుకుంటుంది?
- వెనక యాక్సిల్ బుష్షులు చిరిగాయా? చిరిగితే బ్రేకు లాగుడికి యాక్సిల్ కాస్త పక్కకి తిరుగుతుంది, వెనక నుంచి ఎవరో స్టీరింగ్ తిప్పినట్టుంటుంది.
- అలైన్‌మెంట్ రిపోర్టులో వెనక టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా అడగండి. చాలాచోట్ల ముందు చక్రాలు సరిచేసి కాగితం చేతిలో పెడతారు. వెనక టో బయటికి ఉంటే బండి తిన్నగా నిలబడదు. గుంటలో పడి యాక్సిల్ వంగితే చిన్న కార్లలో వెనక సర్దుబాటే ఉండదు, మార్చాల్సిందే.

9. టెస్ట్ చేయడం

జాతీయ రహదారి మీద వద్దు, పొద్దున్న నడిచేవాళ్లుండే బీచ్ రోడ్డు మీద అసలే వద్దు. అనుమతి తీసుకున్న ఖాళీ, చదునైన, పొడి కాంక్రీటు లేదా తారు స్థలం కావాలి. ఇసుక ఉంటే తుడవండి. లోపల వదులు సామాను తీసేయండి. గ్యారేజీలో రోలర్ బ్రేక్ టెస్టర్ ఉంటే ముందు అక్కడికే వెళ్లండి, ఎడమ కుడి తేడా అంకెల్లో తెలిసిపోతుంది.

మొదట వేడి చూడండి. ఊళ్లో మామూలుగా ఓ పావుగంట నడిపి, డిస్కుల మీద, డ్రమ్ముల మీద గన్ పెట్టండి. ముందు వెనక మధ్య తేడా సహజం. ఒకే యాక్సిల్ మీద ఎడమ కుడి మధ్య 30, 40 డిగ్రీలు తేడా వస్తే ఒకటి రాసుకుంటోంది, లేదా ఇంకోటి పనిచేయట్లేదు. వెనక్కి వెళ్లి 5, 6 సెక్షన్లు మళ్లీ చూడండి.

తర్వాత బ్రేకు. ఒకరు పక్కన, కనీసం పది మీటర్ల దూరంలో నిలబడి చక్రాల ఎత్తులో స్లో మోషన్ వీడియో తీయాలి. బండి వచ్చే దారిలో ఎవరూ ఉండకూడదు. 20తో మొదలుపెట్టి, తర్వాత 30, అంతా బాగుంటే 40. అంతకు మించి మనకి అవసరం లేదు. పెడల్ ఒక్కసారిగా తన్నకండి, ఒత్తిడి పెంచుకుంటూ పోండి.

ఏబీఎస్ లేని బండిలో ముందు చక్రాలు ముందుగా ఆగాలి. వెనకవి ముందుగా ఆగితే టెస్ట్ అక్కడితో ఆపేయండి, బండి రోడ్డు మీదకి తీసుకురావద్దు. ఏబీఎస్ ఉన్న బండిలో పెడల్ కింద గిరగిరమని కొట్టుకోవాలి, బండి తిన్నగా ఆగాలి. చూద్దామని ఏబీఎస్ ఫ్యూజు పీకొద్దు, ఈబీడీ కూడా దాంతోనే పోతుంది.

10. లక్షణాన్ని బట్టి ఎక్కడ చూడాలి

- ఎప్పుడూ ఒకే పక్కకి లాగుతోంది: ముందు కాలిపర్లు. ఎడమకి లాగితే కుడి వైపు పనిచేయట్లేదేమో చూడండి, ఎడమ బాగున్నా తప్పు అవతల ఉండొచ్చు.
- తిన్నగా వెళ్తూ వెళ్తూ తోక ఊగుతోంది: వెనక టైర్లు, టో, బుష్షులు.
- ఖాళీగా ఉంటేనే జారుతోంది, లోడుంటే బాగుంది: లోడు వాల్వ్.
- పొద్దున్న మొదటి బ్రేకుకే పట్టేస్తోంది: డ్రమ్ము తుప్పు.
- నీళ్లలోంచి వచ్చాక బ్రేకు లేదు: తడి. నెమ్మదిగా నడుపుతూ తేలిగ్గా నొక్కి ఆరబెట్టండి.
- వెనక డిస్కులు పెట్టించిన దగ్గర్నుంచీ జారుతోంది: కారణం వేరే వెతకక్కర్లేదు. వెనక శక్తి పెరిగింది, మాస్టర్ సిలిండర్, వాల్వ్ పాతవే. మళ్లీ డ్రమ్ముకి మార్చండి. కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధం కూడా కావొచ్చు.

11. అన్నీ సరిచేశాక కూడా కాలు మీద ఆధారపడేవి

మలుపు మధ్యలో గట్టిగా తొక్కితే ఎంత మంచి బండైనా వెనక తేలుతుంది, ఎందుకంటే టైరు అప్పటికే మలుపు కోసం కష్టపడుతోంది. వేగం మలుపుకి ముందే, స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడే తగ్గించండి.

ఏబీఎస్ ఉంటే గట్టిగా తొక్కి అలాగే పట్టుకోండి, స్టీరింగ్ తిప్పుకోండి. పెడల్ కొట్టుకుంటోందని కాలు తీసేవాళ్లే ఎక్కువ. ఏబీఎస్ లేకపోతే, వెనక జారుతోందనిపించగానే బ్రేకు కాస్త వదిలి, తోక ఏ వైపు పోతోందో ఆ వైపే స్టీరింగ్ తిప్పండి. కంగారులో హ్యాండ్ బ్రేకు లాగొద్దు, అది వెనక చక్రాలనే పట్టేది.

వెనక చక్రాలు లాగే బండిలో గేరు అకస్మాత్తుగా తగ్గించి క్లచ్ వదిలేస్తే ఇంజిన్ బ్రేకు మొత్తం వెనక చక్రాల మీదే పడుతుంది. తడి రోడ్డు మీద అది హ్యాండ్ బ్రేకు లాగినట్టే.

అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు, పాడేరు ఘాట్‌లో, రెండో గేరులో దిగండి. బ్రేకు మీద కాలు ఆనించి దిగితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతుంది, ఇంకా గట్టిగా తొక్కుతాం, ఐదో సెక్షన్‌లో చెప్పిందే మళ్లీ జరుగుతుంది. కాలిన వాసన వస్తే వెడల్పుగా ఉన్న చోట ఆపండి. గేర్లో వేసి చక్రాలకి రాళ్లు పెట్టండి, అరగంటైనా ఆరనివ్వండి. డిస్కు మీద నీళ్లు పోయొద్దు, వంకర తిరుగుతుంది. చల్లారాక బయల్దేరే ముందు పెడల్ తొక్కి చూడండి, మెత్తగా కిందికి పోతే ఆయిల్ మరిగి ఉండొచ్చు, అక్కడి నుంచి టోయింగ్ బండి పిలవండి.